విశ్వాసం – సత్క్రియలు: పౌలు, యాకోబు పత్రికల తులనాత్మక విమర్శ

యూనిట్ - 7

విషయక్రమం
7.0 లక్ష్యాలు
7.1 పరిచయం
7.2 పౌలు వాదం
7.3 యాకోబు వాదం
7.4 ఒకే అబ్రాహాము, రెండు పఠనాలు
7.5 లూథర్ నుంచి ట్రెంట్ వరకు
7.6 ఇరవయ్యో శతాబ్దపు పునఃపరిశీలన
7.7 ఒంగోలు కరువు: ఒక ఉదాహరణ
7.8 విమర్శనాత్మక అంచనా
7.9 సారాంశం
7.10 ముఖ్య పదాలు
7.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

7.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను శ్రద్ధగా చదివిన తరువాత మీరు:
• విశ్వాసం, క్రియలు అనే పదాలను పౌలు, యాకోబు ఏ అర్థాల్లో వాడారో వివరించగలుగుతారు.
• అబ్రాహాము కథను ఇద్దరూ భిన్నంగా ఎందుకు చదివారో విశ్లేషించగలుగుతారు.
• ఈ వివాదం మీద లూథర్, ట్రెంట్ మహాసభ, ఆధునిక పండితులు తీసుకున్న వైఖరులను పోల్చగలుగుతారు.
• ఈ రెండు పత్రికల మధ్య సంబంధం గురించి మీ సొంత అభిప్రాయాన్ని ఆధారాలతో రాయగలుగుతారు.

7.1 పరిచయం

ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. ఒక మనిషి దేవుడిని గట్టిగా నమ్ముతాడు, ప్రార్థన మానడు. కానీ గడప ముందు ఆకలితో నిలబడినవాడికి పిడికెడు అన్నం పెట్టడు. ఇంకొక మనిషి దేవుడి మాట ఎత్తడు. కానీ ఆకలిగొన్నవాడు కనిపిస్తే తన కంచంలోది తీసి పెడతాడు. ఈ ఇద్దరిలో దేవుడికి దగ్గరివాడు ఎవరు?

ఈ ప్రశ్నకు మీ మనసులో వెంటనే ఒక జవాబు వచ్చి ఉంటుంది. దాన్ని కాసేపు పక్కన పెట్టండి. క్రైస్తవ సంప్రదాయం ఇదే ప్రశ్న చుట్టూ దాదాపు రెండు వేల ఏళ్లుగా వాదించుకుంటూనే ఉంది. పదహారో శతాబ్దంలో పశ్చిమ ఐరోపా క్రైస్తవ సమాజం చీలిపోవడానికి మూల కారణాల్లో ఇది ఒకటి. విచిత్రమేమిటంటే ఆ చీలికలో ఇరుపక్షాలూ ఒకే గ్రంథాన్ని, అంటే బైబిలు కొత్త నిబంధనను, చేతపట్టుకునే వాదించాయి. ఒకరు పౌలు రాసిన పత్రికలను, మరొకరు యాకోబు పేరున ఉన్న పత్రికను ముందుకు తెచ్చారు.

ఈ యూనిట్‌లో మన పని ఎవరి మతం సరైనదో తేల్చడం కాదు. రెండు పాఠ్యాలను పక్కపక్కన పెట్టి, అవి ఏం చెబుతున్నాయో, ఎవరితో చెబుతున్నాయో, ఎందుకు చెబుతున్నాయో పరిశీలించడం. మీరు క్రైస్తవులైనా కాకపోయినా ఈ పద్ధతి మీకు ఉపయోగపడుతుంది. పవిత్రమని భావించే ఏ గ్రంథాన్నయినా గౌరవంగానూ, నిశితంగానూ చదవడం సాధ్యమేనని ఈ అభ్యాసం చూపిస్తుంది.

మొదలుపెట్టే ముందు తెలుగు పాఠకులు తీసుకోవలసిన ఒక జాగ్రత్త ఉంది. సత్క్రియలు అనగానే మనకు పుణ్యకార్యాలు గుర్తుకు వస్తాయి. పుణ్యం అనగానే దాన్ని కూడబెట్టుకోవడం, దాని ఫలం అనుభవించడం అనే ఆలోచన వెంట వస్తుంది. ఆ ఆలోచనను యథాతథంగా తీసుకువెళ్లి పౌలు మీద పెడితే, ఆయన పుణ్యకార్యాలు చేయవద్దన్నాడని పొరబడతాం. పౌలు అలా అనలేదు. ఆయన ఏమన్నాడో ఇప్పుడు చూద్దాం.

7.2 పౌలు వాదం

పౌలు గలతీయులకు, రోమీయులకు రాసిన పత్రికలు క్రీస్తు శకం మొదటి శతాబ్దం మధ్యకాలానికి చెందినవి. రోమీయులకు రాసిన పత్రికను సుమారు 57లో రాసి ఉంటాడని ఎక్కువమంది పండితుల అంచనా. ఈ పత్రికలు తీరికగా కూర్చుని రాసిన సిద్ధాంత గ్రంథాలు కావు. ఒక గొడవ మధ్యలో నిలబడి రాసిన ఉత్తరాలు. అందువల్ల ముందుగా ఆ గొడవ ఏమిటో తెలుసుకోవాలి.

యేసును అనుసరించిన తొలితరం వారంతా యూదులు. ఆ తరువాత యూదులు కానివారు, అంటే అన్యజనులు, ఆ సమాజంలో చేరసాగారు. వారు కూడా యూదుల ధర్మశాస్త్రం ప్రకారం సున్నతి చేయించుకోవాలా? ఆహార నియమాలు పాటించాలా? విశ్రాంతి దినం ఆచరించాలా? కొందరు బోధకులు పాటించి తీరాలన్నారు. పౌలు అవసరం లేదన్నాడు. మనిషి దేవుని ఎదుట నీతిమంతుడిగా తీర్చబడేది ధర్మశాస్త్ర క్రియల వల్ల కాదని, యేసుక్రీస్తుకు సంబంధించిన విశ్వాసం వల్లనేనని ఆయన వాదించాడు.

ఇక్కడ రెండు పదాలను జాగ్రత్తగా చూడండి. మొదటిది విశ్వాసం. గ్రీకులో దీనికి మూలం ‘పిస్తిస్’. ఒక విషయం నిజమని ఒప్పుకోవడం మాత్రమే దీని అర్థం కాదు. ఒకరి మీద ఆధారపడటం, వారికి నమ్మకంగా ఉండటం అనే అర్థాలు కూడా ఇందులో ఉన్నాయి. తెలుగులో ‘నమ్మడం’, ‘నమ్మకంగా ఉండటం’ అనే రెండు ప్రయోగాలను కలిపి ఊహించుకుంటే ఈ పదం మీకు కొంత దగ్గరవుతుంది. రెండవది ధర్మశాస్త్ర క్రియలు. పౌలు తిరస్కరించిన క్రియలు దాదాపు ఎప్పుడూ ఈ విశేషణంతోనో, ఈ సందర్భంలోనో కనిపిస్తాయి. ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టడం మీద ఆయనకు ఎలాంటి ఫిర్యాదూ లేదు.

పైగా గలతీ పత్రిక ఐదో అధ్యాయంలో, ప్రేమ ద్వారా పనిచేసే విశ్వాసమే లెక్కకు వస్తుందనే భావం పౌలే వ్యక్తం చేశాడు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదమూడో అధ్యాయంలో, కొండలను కదిలించగల విశ్వాసం ఉన్నా ప్రేమ లేకపోతే తాను ఏమీ కానని అన్నాడు. రోమీ పత్రిక రెండో అధ్యాయంలో దేవుడు ప్రతి ఒక్కరికీ వారి వారి క్రియలను బట్టి ప్రతిఫలం ఇస్తాడనే మాట కూడా ఉంది. పౌలును విశ్వాసం పక్షాన మాత్రమే నిలబెట్టే పాఠకులు ఈ భాగాలను తరచుగా దాటేస్తారు. మీరు దాటవేయకండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1
సూచన: మీ జవాబును రెండు మూడు వాక్యాల్లో నోటుపుస్తకంలో రాసి, పై భాగంతో సరిచూసుకోండి.
పౌలు ఏ రకమైన క్రియలను ప్రధానంగా తిరస్కరించాడు? ఏ వివాదం ఆయనను ఆ వాదానికి పురికొల్పింది?

7.3 యాకోబు వాదం

యాకోబు పత్రిక చిన్నది, ఐదు అధ్యాయాలే. సంప్రదాయం దీన్ని యేసు సహోదరుడైన యాకోబు రాశాడని చెబుతుంది. ఆయన యెరూషలేము సంఘానికి పెద్ద. ఈ పత్రిక ఆయన పేరున తరువాతి కాలంలో ఎవరో రాసినదని భావించే పండితులు కూడా ఉన్నారు. కర్తృత్వం ఎలా తేలినా, పత్రిక స్వరం మాత్రం స్పష్టంగా ఉంది. ఇది పేదవాడి పక్షాన మాట్లాడే స్వరం.

రెండో అధ్యాయం ఒక దృశ్యంతో మొదలవుతుంది. సమాజం కూడుకున్న చోటికి ఇద్దరు వస్తారు. ఒకడి వేలికి బంగారు ఉంగరం, ఒంటిమీద ప్రశస్తమైన బట్టలు. ఇంకొకడివి మాసిన బట్టలు. మొదటివాడికి మంచి పీట దొరుకుతుంది. రెండోవాడిని అక్కడెక్కడో నిలబడమనో, కాళ్ల దగ్గర కూర్చోమనో అంటారు. యాకోబు దీన్ని మర్యాదలోని చిన్న లోపంగా చూడలేదు. ఇది ధర్మశాస్త్రాన్ని మీరడమేనన్నాడు.

ఆ తరువాతే విశ్వాసం గురించిన వాదం వస్తుంది. ఈ వరుసను గమనించండి. బట్టలు లేని, ఆ పూటకు తిండి లేని ఒక సహోదరుడికో సహోదరికో మీలో ఎవరైనా చల్లని దీవెన పలికి, వెచ్చగా ఉండమని, కడుపునిండా తినమని చెప్పి, ఏమీ ఇవ్వకుండా పంపేస్తే ఏం లాభమని ఆయన అడుగుతాడు. క్రియలు లేని విశ్వాసాన్ని ప్రాణం పోయిన శరీరంతో పోలుస్తాడు. దేవుడు ఒక్కడే అన్న నమ్మకం దయ్యాలకు కూడా ఉందని ఎత్తిపొడుస్తాడు. పత్రిక చివరి అధ్యాయంలో, పొలంలో కోత కోసిన కూలీలకు కూలి ఎగ్గొట్టిన ధనవంతుల మీద విరుచుకుపడతాడు.

కాబట్టి యాకోబు చెప్పే క్రియలు సున్నతి, ఆహార నియమాలు కావు. అన్నం, బట్ట, కూలి, గౌరవం. ఆయన ఎదుర్కొన్న ప్రత్యర్థి కూడా వేరు. పౌలు ఎదుట ఉన్నది ‘మా ఆచారం పాటిస్తేనే మా పంక్తిలో కూర్చోవచ్చు’ అన్నవాడు. యాకోబు ఎదుట ఉన్నది ‘నేను నమ్ముతున్నాను, ఇక నన్నేమీ అడగవద్దు’ అన్నవాడు.

7.4 ఒకే అబ్రాహాము, రెండు పఠనాలు

ఇంతవరకు చూస్తే ఇద్దరూ వేర్వేరు విషయాలు మాట్లాడుతున్నారని, వైరుధ్యమే లేదని మీకు అనిపించవచ్చు. చాలా వ్యాఖ్యానాలు ఇక్కడే ఆగిపోతాయి. కానీ మనం ఆగకూడదు. ఎందుకంటే ఇద్దరూ ఒకే మనిషిని, ఒకే వాక్యాన్ని సాక్ష్యానికి పిలిచారు.

ఆదికాండం పదిహేనో అధ్యాయంలో సంతానం లేని అబ్రాహాముకు దేవుడు నక్షత్రాలంతటి సంతానాన్ని వాగ్దానం చేస్తాడు. అబ్రాహాము నమ్ముతాడు. ఆ నమ్మకం అతనికి నీతిగా ఎంచబడుతుంది. పదిహేడో అధ్యాయంలో సున్నతి నియమం వస్తుంది. ఇరవై రెండో అధ్యాయంలో కుమారుడు ఇస్సాకును బలిపీఠం మీదికి ఎక్కించే ఘట్టం వస్తుంది.

పౌలు రోమీ పత్రిక నాలుగో అధ్యాయంలో ఈ వరుసనే తన వాదానికి ఆధారం చేసుకున్నాడు. అబ్రాహాము నీతిమంతుడిగా ఎంచబడింది పదిహేనులో, సున్నతి జరిగింది పదిహేడులో. కాబట్టి సున్నతి లేని స్థితిలోనే దేవుడు అతనిని అంగీకరించాడు. అలాగయితే సున్నతి లేని అన్యజనులకు కూడా అబ్రాహాము తండ్రే. కథలోని కాలక్రమం నుంచి పౌలు లాగిన తర్కం ఇది.

యాకోబు దృష్టి ఇరవై రెండో అధ్యాయం మీద ఉంది. పదిహేనులో పలికిన మాట ఇస్సాకును బలిపీఠం మీద ఉంచినప్పుడు నెరవేరిందని ఆయన అంటాడు. నమ్మకం ఒకనాటి రాత్రి నక్షత్రాల కింద మొదలై ఉండవచ్చు, కానీ అది నిజమైనదో కాదో తెలిసింది కొండమీద. ఆ వెంటనే రాహాబు అనే వేశ్యను రెండో ఉదాహరణగా తెస్తాడు. ఆమె దూతలకు ఆశ్రయమిచ్చి, వేరే దారిన పంపి కాపాడింది. కులపితరుడి పక్కన పరాయి జాతి స్త్రీని నిలబెట్టడం యాదృచ్ఛికం కాదు. క్రియ ముందు వంశం, ప్రతిష్ఠ లెక్కకు రావు.

ఇక అసలు ముడి ఇక్కడుంది. మనిషి కేవలం విశ్వాసం వల్ల కాక క్రియల వల్ల కూడా నీతిమంతుడిగా తీర్చబడతాడనే భావాన్ని యాకోబు రెండో అధ్యాయం ఇరవై నాలుగో వచనంలో సూటిగా చెప్పాడు. కొత్త నిబంధన మొత్తంలో ‘విశ్వాసం మాత్రమే’ అనే పదబంధం కనిపించేది ఈ ఒక్క చోటే. అదీ నిరాకరణ రూపంలో! పౌలు పత్రికలను గానీ, పౌలు పేరు చెప్పుకొని తిరిగే నినాదాన్ని గానీ యాకోబు విని ఉండకపోతే, అవే పదాలు, అదే అబ్రాహాము, అదే వాక్యం ఇక్కడ కనిపించడం కష్టం. కాబట్టి ఇది ఒక జవాబులాగే వినిపిస్తుంది. అయితే ఆ జవాబు పౌలుకా, పౌలును వంకగా చేసుకున్నవారికా అనేది చర్చనీయం. రెండోదే ఎక్కువ సబబుగా ఉంది. ఎందుకంటే యాకోబు ఖండించిన విశ్వాసం దయ్యాలకు కూడా ఉండే విశ్వాసం, అంటే కేవలం ఒప్పుకోలు. పౌలు బోధించిన విశ్వాసం అది కాదని 7.2లో చూశాం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 2
అబ్రాహాము కథలో పౌలు ఏ అధ్యాయాల వరుసను ఆధారం చేసుకున్నాడు? యాకోబు ఏ ఘట్టాన్ని ఆధారం చేసుకున్నాడు? ఈ ఎంపిక వారి వాదాలకు ఎలా ఉపయోగపడింది?

7.5 లూథర్ నుంచి ట్రెంట్ వరకు

ఐదో శతాబ్దం ఆరంభంలో అగస్టీన్, పెలాజియస్ మధ్య ఈ చర్చ ఒక కొత్త రూపం తీసుకుంది. మనిషి తన సొంత సంకల్పబలంతో మంచిగా జీవించగలడని పెలాజియస్ బోధించాడు. దేవుని కృప ముందుగా తాకకపోతే మనిషి సంకల్పమే మంచివైపు తిరగదని అగస్టీన్ వాదించాడు. పశ్చిమ సంఘం అగస్టీన్ వైపు మొగ్గింది. దీన్ని గుర్తుంచుకోవడం ముఖ్యం. సత్క్రియలతో స్వర్గాన్ని కొనుక్కోవచ్చనేది మధ్యయుగ సంఘం అధికారిక బోధ ఏనాడూ కాదు. కానీ ఆచరణ వేరే దారి పట్టింది.

1517లో మార్టిన్ లూథర్ తన తొంభై ఐదు ప్రతిపాదనలు రాయడానికి తక్షణ కారణం పాపపరిహార పత్రాల అమ్మకం. చనిపోయిన తల్లిదండ్రుల ఆత్మలకు శిక్ష తగ్గుతుందని చెప్పి పేదల దగ్గర డబ్బు తీసుకుంటున్న కాలం అది. ఈ నేపథ్యం లేకుండా లూథర్ ఆవేశం అర్థం కాదు. ఆయన సన్యాసిగా ఉపవాసాలు, జాగరణలు, పాపపు ఒప్పుకోళ్లు అన్నీ చేసి, ఇంకా చాలలేదేమోనన్న భయంతో కుమిలిపోయినవాడు. రోమీ పత్రికలో ఆయనకు విడుదల దొరికింది.

1522లో వెలువడిన తన జర్మన్ కొత్త నిబంధనలో లూథర్ రెండు పనులు చేశాడు. రోమీ పత్రిక మూడో అధ్యాయం ఇరవై ఎనిమిదో వచనంలో, గ్రీకు మూలంలో లేని ‘మాత్రమే’ అనే పదాన్ని చేర్చాడు. విమర్శలు రాగా, జర్మన్ నుడికారం ఆ పదాన్ని కోరుతోందని, పౌలు భావం కూడా అదేనని 1530లో సమర్థించుకున్నాడు. రెండోది, యాకోబు పత్రికను మరో మూడు పుస్తకాలతో కలిపి చివరికి నెట్టి, ముందుమాటలో దాన్ని గడ్డితో పోల్చాడు. తరువాతి కాలంలో పూర్తి బైబిలు ముద్రణల్లో ఆ పోలికను తీసేశాడు. పత్రికను మాత్రం బైబిలులోంచి తీసేయలేదు.

విమర్శకులుగా మనం ఇక్కడ ఒక పాఠం నేర్చుకోవాలి. లూథర్ అనువాదంలో చేసింది అక్షరానికి విరుద్ధమే అయినా, వాక్య భావానికి దగ్గరగానే ఉందని వాదించవచ్చు. కానీ యాకోబు నిరాకరించిన మాటే పౌలు నోట పెట్టడం వల్ల, అంతకుముందు సూచనప్రాయంగా ఉన్న ఘర్షణ పాఠకుడికి ముఖాముఖి యుద్ధంలా కనిపించడం మొదలైంది. అనువాదంలో చేరిన ఒక్క పదం రెండు పత్రికల మధ్య దూరాన్ని పెంచింది.

అయితే లూథర్ సత్క్రియలకు వ్యతిరేకి అనడం అన్యాయం. 1520లో ఆయన సత్క్రియల మీదే ఒక గ్రంథం రాశాడు. అదే ఏడాది క్రైస్తవుడి స్వేచ్ఛను గురించి రాసిన గ్రంథంలో, విశ్వాసం వల్ల మనిషి ఎవరికీ బానిస కాడని, ప్రేమ వల్ల అందరికీ సేవకుడని వివరించాడు. దేవుడికి మన క్రియల అవసరం లేదు, పొరుగువాడికి ఉంది అన్నది ఆయన ఆలోచన సారం.

కతోలిక సంఘం జవాబు ట్రెంట్ మహాసభ 1547 జనవరి 13న ఆమోదించిన తీర్మానంలో ఉంది. అందులోని ముప్పై మూడు ఖండనల్లో మొట్టమొదటిది ఎవరి మీదో తెలుసా? కృప లేకుండా సొంత క్రియలతోనే మనిషి నీతిమంతుడు కాగలడనే వారి మీద. విశ్వాసం మాత్రమే చాలు, మనిషి సంకల్పం సహకరించనక్కరలేదనే వారిని తొమ్మిదో ఖండన తప్పుపట్టింది. అంటే ఇరుపక్షాలూ కృపే మొదటిదని ఒప్పుకున్నాయి. తేడా అంతా ఆ కృపను అందుకున్న మనిషిలో ఏం జరుగుతుంది, దాన్ని ఏ పేరుతో పిలవాలి అన్నచోట ఉంది.

7.6 ఇరవయ్యో శతాబ్దపు పునఃపరిశీలన

లూథర్ సంప్రదాయం లోపలి నుంచే ఒక గట్టి హెచ్చరిక వచ్చింది. జర్మనీలో నాజీ పాలన నడుస్తుండగా 1937లో డీట్రిక్ బాన్‌హోఫర్ ఒక గ్రంథం ప్రచురించాడు. శిష్యుడిగా నడవమని కోరని కృపను ఆయన చౌక కృప అన్నాడు. ఆదివారం క్షమాపణ అందుకుని, సోమవారం నుంచి అన్యాయం ముందు మౌనంగా ఉండే సంఘాన్ని ఉద్దేశించిన మాట అది. బాన్‌హోఫర్‌ను 1945 ఏప్రిల్ 9న నాజీలు ఉరితీశారు. యాకోబు స్వరం లూథరన్ గొంతులో మళ్లీ వినిపించిన సందర్భంగా దీన్ని మీరు చదవవచ్చు.

పాండిత్య రంగంలో 1977 ఒక మలుపు. ఆ ఏడాది ఇ.పి. శాండర్స్ పౌలు కాలపు యూదు మతాన్ని మూలగ్రంథాల ఆధారంగా పునఃపరిశీలించాడు. యూదులు క్రియలతో రక్షణను సంపాదించుకోవాలనుకున్నారనే పాత చిత్రం తప్పని చూపాడు. దేవుడు కృపతో తమను ఎన్నుకున్నాడని వారి నమ్మకం. ధర్మశాస్త్రం ఆ బంధంలోకి చేరడానికి కాదు, అందులో నిలిచి ఉండటానికి. ఆ తరువాత జేమ్స్ డన్, ధర్మశాస్త్ర క్రియలు అంటే ముఖ్యంగా యూదులను ఇతరుల నుంచి వేరుచేసే సున్నతి, ఆహార నియమాల వంటి గుర్తులని వాదించాడు. అంటే పౌలు పోరాడింది ఒక గిరిగీతతో. లూథర్ తన కాలపు సంఘంతో చేసిన పోరాటాన్ని పౌలు కాలపు యూదుల మీదికి నెట్టాడన్న విమర్శ ఇక్కడి నుంచి బలపడింది. ఇది యూదుల పట్ల క్రైస్తవ ప్రపంచం చేసిన అన్యాయపు చిత్రణను సరిదిద్దే ప్రయత్నం కూడా.

2015లో జాన్ బార్క్‌లే ఈ చర్చకు ఇంకొక కోణం చేర్చాడు. ప్రాచీన ప్రపంచంలో కానుక అంటే ఏమీ ఆశించకుండా ఇచ్చేది కాదు, బంధాన్ని ఏర్పరచేది. పౌలు చెప్పే కృపలోని కొత్తదనం అర్హత చూడకుండా ఇవ్వడంలో ఉంది. అంతే తప్ప ఆ కృప స్పందనను ఆశించదని కాదు. ఈ తేడా మనకు కొత్తేమీ కాదు. పెళ్లిలో చదివింపులు రాసుకునే ఊళ్లలో పెరిగినవారికి కానుక బంధాన్ని వెంటబెట్టుకొస్తుందని చెప్పనక్కరలేదు. అయితే చదివింపు మనిషి స్తోమతును, వరుసను చూస్తుంది. పౌలు చెప్పే కానుక వాటిని చూడదు.

సంఘాల స్థాయిలో 1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య, కతోలిక సంఘం ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. దేవుడు మనిషిని అంగీకరించేది కృప వల్ల, క్రీస్తునందలి విశ్వాసం వల్ల అని, ఆ కృపే మనిషిని సత్క్రియలకు సిద్ధం చేస్తుందని ఇరువురూ ఒప్పుకున్నారు. 2006లో మెథడిస్టులు, 2017లో రిఫార్మ్‌డ్ సంఘాల సమాఖ్య ఇందులో చేరాయి. 1842లో గుంటూరులో మొదలైన లూథరన్ మిషన్ నుంచి పెరిగిన ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ చర్చి కూడా ఆ ప్రపంచ సమాఖ్యలో సభ్యురాలే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 3
శాండర్స్, డన్‌ల పరిశోధన ‘ధర్మశాస్త్ర క్రియలు’ అనే పదబంధపు అర్థాన్ని ఎలా మార్చింది?

7.7 ఒంగోలు కరువు: ఒక ఉదాహరణ

సిద్ధాంతం కష్టకాలంలో ఎలాంటి ఒత్తిడికి లోనవుతుందో చూడటానికి మన ప్రాంతపు ఉదాహరణ ఒకటి తీసుకుందాం. 1876-78 మధ్య దక్షిణ భారతదేశాన్ని పెద్ద కరువు పట్టింది. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హామ్ కాలువ పనిలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో అల్లాడుతున్న జనానికి తవ్వకం పని కల్పించాడు. వారిలో మాదిగలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. మిషన్ బోధకులే అక్కడ మేస్త్రీలుగా పనిచేశారు.

చాలామంది బాప్తిస్మం అడిగారు. కరువు సాయం జరుగుతున్నంత కాలం క్లౌ ఇవ్వలేదు. తిండి కోసం మతంలో చేరారన్న మాట రాకూడదన్నది ఆయన ఉద్దేశం. సాయం ముగిశాక, 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది గుండ్లకమ్మ నదిలో బాప్తిస్మం పొందారు.

ఈ సంఘటనను మన రెండు పత్రికలతో చదవండి. ఆకలిగొన్నవాడికి దీవెన కాదు, పని, కూలి కావాలన్నది యాకోబు పక్షం. సాయాన్ని విశ్వాసానికి వెలగా మార్చకూడదన్నది పౌలు పక్షం. ఎందుకంటే కృప అమ్ముడుపోయేది కాదు. సాయం ఇవ్వాలి, దానికి బదులు అడగకూడదు. ఈ రెండింటినీ ఒకేసారి పట్టుకోవడం ఎంత కష్టమో ఈ ఎదురుచూపు చూపిస్తుంది.

కానీ విమర్శ ఇక్కడితో ఆగదు. ఈ కథ మనకు ఎక్కువగా మిషనరీ కలం నుంచే అందింది. క్లౌ జ్ఞాపకాలు ఆయన మరణానంతరం 1914లో, ఆయన భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ చేతిమీదుగా పుస్తకంగా వచ్చాయి. అమెరికాలో సాంఘిక సువార్త ఉద్యమానికి ప్రసిద్ధుడైన వాల్టర్ రౌషెన్‌బుష్ ఆమె సోదరుడు. కాబట్టి విశ్వాసాన్ని సమాజసేవతో కలిపి చూసే దృష్టి ఆ కథనంలో ఉండటం సహజం. పార పట్టి మట్టి తవ్విన మనిషి మాత్రం తనకు అది అన్నమో, దేవుడో, ఊరి వెలుపల నుంచి లోపలికి నడిచే హక్కో చెప్పుకొన్న పుస్తకం మన చేతిలో లేదు. బహుశా అతనికి ఆ మూడూ విడివిడి విషయాలు కావు. విశ్వాసం ఒకవైపు, క్రియలు ఒకవైపు అని విడదీయడం కడుపునిండినవారి సౌకర్యమేమో ఆలోచించండి. యాకోబు వర్ణించిన మాసిన బట్టల మనిషి ఆ కాలువ గట్టున నిలబడి ఉన్నాడు.

7.8 విమర్శనాత్మక అంచనా

ఇప్పుడు రెండు పత్రికల సంబంధం గురించి మూడు అభిప్రాయాలను తూచి చూద్దాం.

మొదటిది, ఇద్దరూ పరస్పర విరుద్ధులని చెప్పడం. ఇది పదాలను చూస్తుంది గానీ సందర్భాలను చూడదు. పౌలు ఖండించిన క్రియలు, యాకోబు కోరిన క్రియలు ఒకటి కావు.

రెండోది, ఇద్దరూ ఒకే మాట చెబుతున్నారని సర్దిచెప్పడం. విశ్వాసం వేరు, క్రియలు ఫలాలు అనే ప్రసిద్ధమైన పోలిక ఈ కోవలోది. ఇది కొంతవరకు నిజమే. కానీ ఈ సర్దుబాటులో యాకోబు నష్టపోతాడు. ఆయన క్రియలను ఫలాలుగా మాత్రమే చూడలేదు. అవి లేకపోతే చెట్టే చచ్చిందన్నాడు, నీతిమంతుడిగా తీర్చబడటంలో వాటికి చోటిచ్చాడు. ఆ మాటలోని పదునును మొద్దుబార్చడం మంచి పఠనం కాదు.

మూడోది, ఈ యూనిట్ సమర్థించే అభిప్రాయం. ఇద్దరూ రెండు వేర్వేరు మోసాలను పట్టుకున్నారు. పౌలు పట్టుకున్న మోసం, నా ఆచారం, నా పుట్టుక, నా సాధన నన్ను ఇతరుల కంటే దేవుడికి దగ్గర చేశాయనే గర్వం. యాకోబు పట్టుకున్న మోసం, నా నమ్మకం నన్ను పొరుగువాడి బాధ్యత నుంచి విడిపించిందనే సోమరితనం. గర్విష్ఠి చేతిలో యాకోబు పత్రిక పెడితే అతని గర్వం పెరుగుతుంది. సోమరి చేతిలో పౌలు పత్రిక పెడితే అతని నిద్ర గాఢమవుతుంది. కొత్త నిబంధనను కూర్చినవారు రెండింటినీ ఉంచడం వల్ల, పాఠకుడు తనకు నచ్చినదాన్ని మాత్రమే చదువుకునే వీలు తగ్గింది.

సువార్తల్లో కూడా ఇదే జంట కనిపిస్తుంది. లూకా సువార్తలో యేసు పక్కన సిలువ మీద ఉన్న నేరస్థుడికి ఒక్క సత్క్రియ చేసే వ్యవధి కూడా లేదు. అయినా అంగీకారం దొరికింది. మత్తయి సువార్త ఇరవై ఐదో అధ్యాయంలో, తీర్పు దినాన అడిగేది ఆకలికి అన్నం పెట్టావా, దాహానికి నీళ్లు ఇచ్చావా అనే. ఆ కథలో ఒక వివరాన్ని ప్రత్యేకంగా గమనించండి. మంచి చేసినవారు, ఎప్పుడు చేశామని ఆశ్చర్యంగా అడుగుతారు. వారు లెక్క రాసుకోలేదు. లెక్క రాసుకోని సత్క్రియ దగ్గర పౌలుకు అభ్యంతరం లేదు, యాకోబుకు ఫిర్యాదు లేదు.

ఈ అభిప్రాయానికీ ఒక పరిమితి ఉంది. 7.1లోని రెండో మనిషి, అంటే దేవుడి మాట ఎత్తకుండా తన కంచంలోది పెట్టినవాడి గురించి ఈ రెండు పత్రికలూ నేరుగా చర్చించలేదు. పౌలు, యాకోబు ఇద్దరూ రాసింది విశ్వాసులకే. మత్తయిలోని తీర్పు కథ అతనికీ చోటిస్తుందని కొందరు వ్యాఖ్యాతలు అంటారు, మరికొందరు కాదంటారు. పరిచయంలో పక్కన పెట్టిన మీ జవాబును ఇప్పుడు మళ్లీ చేతిలోకి తీసుకోండి. అది మారిందా? మారకపోతే, దానికి మీరు చూపగల ఆధారాలు పెరిగాయా? ఈ యూనిట్ ప్రయోజనం ఆ రెండో ప్రశ్నలోనే ఉంది.

7.9 సారాంశం

• పౌలు తిరస్కరించింది సత్క్రియలను కాదు. అన్యజనుల మీద మోపుతున్న ధర్మశాస్త్ర క్రియలను, వాటిని ఆధారం చేసుకున్న గర్వాన్ని.
• యాకోబు తిరస్కరించింది విశ్వాసాన్ని కాదు. పేదవాడి ఎదుట చేతులు ముడుచుకునే ఒట్టి ఒప్పుకోలును.
• అబ్రాహాము కథలో పౌలు 15, 17 అధ్యాయాల వరుసను, యాకోబు 22వ అధ్యాయంలోని పరీక్షను ఆధారం చేసుకున్నారు.
• లూథర్, ట్రెంట్ మహాసభ ఇద్దరూ కృప ప్రాథమ్యాన్ని అంగీకరించారు. 1999 ఉమ్మడి ప్రకటన ఆ ఏకాభిప్రాయాన్ని స్పష్టం చేసింది.
• రెండు పత్రికల మధ్య ఉద్రిక్తతను చెరిపేయకుండా, రెండు భిన్నమైన ఆత్మవంచనలకు హెచ్చరికలుగా చదవడం మేలు.

7.10 ముఖ్య పదాలు

కృప: అర్హతతో నిమిత్తం లేకుండా దేవుడు చూపే దయ.
ధర్మశాస్త్ర క్రియలు: యూదుల ధర్మశాస్త్రం విధించిన ఆచరణలు. పౌలు వాదంలో ముఖ్యంగా సున్నతి, ఆహార నియమాలు వంటివి.
నీతిమంతుడిగా తీర్చబడటం: దేవుని ఎదుట సరైన స్థితిలో ఉన్నవాడిగా అంగీకారం పొందడం.
పాపపరిహార పత్రాలు: పాపానికి విధించిన శిక్షలో మినహాయింపు ఇస్తున్నట్లు మధ్యయుగ సంఘం జారీచేసిన పత్రాలు.
అన్యజనులు: బైబిలు పరిభాషలో యూదులు కాని ప్రజలు.

7.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. విశ్వాసం, క్రియల విషయంలో పౌలు, యాకోబుల వాదాలను వారి సందర్భాల ఆధారంగా పోల్చండి.
2. పౌలు, యాకోబు పరస్పర విరుద్ధులన్న అభిప్రాయాన్ని విమర్శనాత్మకంగా పరిశీలించండి.

II. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. లూథర్ అనువాదంలో చేర్చిన పదం ఈ చర్చను ఎలా ప్రభావితం చేసింది?
2. ఒంగోలు కరువు సంఘటన ద్వారా విశ్వాసం, సాయం మధ్య సంబంధాన్ని వివరించండి.
3. మత్తయి సువార్త 25వ అధ్యాయంలోని తీర్పు కథ ఈ చర్చకు ఎలా తోడ్పడుతుంది?

III. అభ్యాసం
మీకు తెలిసిన మరో మత సంప్రదాయంలో భక్తికీ, పరోపకారానికీ మధ్య ఇలాంటి చర్చ జరిగిందేమో ఆలోచించి ఒక పుటలో రాయండి. ఏ పక్షాన్నయినా ఎత్తుకునే ముందు, ఎదుటి పక్షం తన మాటను ఎవరిని ఉద్దేశించి అన్నదో మొదట గుర్తించండి.